రేనాటి వాడ కైఫియత్తు – 14: కాటిసీను పద్యం ఎవరిది?



పోయిన భాగంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి రాశాను. 1847 ఫిబ్రవరిలో ఆయన్ని కోయిలకుంట్లలో ఉరి తీసి, తలను 1877 దాకా కోటకు వేలాడదీసిన సంగతి, ఆ కథను పాట కట్టి ఊరూరా పాడినవాళ్ళ సంగతి చెప్పుకున్నాం. కొందరు ఫోన్ చేసి "మన వాడల్లో విన్న పాటల గురించి కూడా రాయన్నా" అన్నారు. ఈసారి అదే రాస్తున్నా. ఇది కూడా చావు దగ్గరి పాటే. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

సంక్రాంతికి మా అన్న కూతురు హైదరాబాదు నుంచి వచ్చింది. అక్కడ యూనివర్సిటీలో చదువుతోంది. నంద్యాలలో దిగితే నేను పోయి తీసుకొస్తున్నా. కోయిలకుంట్ల బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. కిటికీ బయట రెండు పక్కలా నల్లరేగడి, పప్పుశనగ చేలు. ఆ పిల్ల చెవిలో పెట్టుకున్న రెండింట్లో ఒకటి తీసి నా చెవిలో పెట్టింది.

"చిన్నాయనా, ఇది విను."

ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో పాడుతోంది. ఒక్క మాట అర్థం కాలేదు. కానీ గొంతు మాత్రం ఎంత తేటగా ఉందంటే, ఎండాకాలం కుండలో నీళ్ళు తాగినట్టుంది. మధ్యలో మాటలు వదిలేసి ఉత్త శబ్దాలతో గొంతును ఎక్కడెక్కడికో తీసుకుపోయి, మళ్ళీ బయలుదేరిన చోటికే తెచ్చి దించింది. నేను ఆ పిల్ల మొహం చూశా.

"మన రాగం తీసినట్టే తీస్తాంది గదమ్మా! ఎవరీమె?"

"ఎల్లా ఫిట్జెరాల్డ్. అమెరికా నల్లవాళ్ళ గాయని."

ఇల్లు చేరేలోపు ఆమె కథంతా చెప్పింది. నేను నా ఫోన్ తీసి డి.వి. సుబ్బారావు పాడిన కాటిసీను పెట్టా. ఆ పిల్ల పది నిమిషాలు విన్నది. తర్వాత తీసి చేతిలో పెట్టి అడిగింది.

"గొంతు బాగుంది చిన్నాయనా. కానీ నువ్వు నీలం జెండా మోసేటోడివి. ఈ హరిశ్చంద్రుడి కథ నీకెందుకు?"

ఈ పద్నాలుగో భాగమంతా ఆ ప్రశ్నకు జవాబే.

*

ముందు ఆ అమెరికా సంగతి చెప్తా. ఎల్లా 1917లో వర్జీనియాలో పుట్టింది. పదిహేనేళ్ళకే తల్లి పోయింది. దిక్కులేక తిరిగిన రోజులున్నాయి. 1934లో న్యూయార్క్ హార్లెంలోని అపోలో థియేటర్లో కొత్తవాళ్ళ పోటీకి పోయింది. డాన్సు చేద్దామని స్టేజీ ఎక్కి, తనకంటే ముందు ఆడినవాళ్ళను చూసి బెదిరిపోయి, డాన్సు మానేసి పాట పాడింది. బహుమతి వచ్చింది. బతుకు దారి దొరికింది.

ఆమె రికార్డుల్లో పెద్ద పేరున్నవి 1956 నుంచి 1964 దాకా నార్మన్ గ్రాంజ్ అనే నిర్మాత చేయించినవి. వాటిని సాంగ్‌బుక్కులంటారు. కోల్ పోర్టర్, గెర్ష్విన్ అన్నదమ్ములు, ఇర్వింగ్ బెర్లిన్, జెరోమ్ కెర్న్ లాంటి వాళ్ళు నాటకాలకూ సినిమాలకూ రాసిన పాత పాటలను, ఒక్కొక్కరివి ఒక్కో సంపుటిగా, ఆమె కొత్తగా పాడింది. ఎనిమిది సంపుటాలు. అందులో నల్లజాతి సంగీతకారుడి పేరుతో వచ్చింది ఒక్కటే, 1957 నాటి డ్యూక్ ఎల్లింగ్టన్‌ది.

ఇట్లాంటి పాత పాటలను అక్కడ 'స్టాండర్డ్స్' అంటారు. అందరికీ తెలిసిన పాటలు. ఎవరు పాడినా పాట అదే. వినడానికి వచ్చినవాడు కొత్త పాట కోసం రాడు, ఈమె నోట ఈ పాట ఎట్లుంటుందో చూద్దామని వస్తాడు. 1960లో బెర్లిన్‌లో ఎల్లా ఒక పాట మధ్యలో మాటలు మర్చిపోయింది. ఆగలేదు. మర్చిపోయానన్న సంగతినే పాటలో కలిపి, అప్పటికప్పుడు మాటలు కట్టుకుంటూ చివరిదాకా పాడేసింది. ఆ రికార్డే ఆమెకు గ్రామీ బహుమతి తెచ్చింది.

ఇంకో సంగతి. 1955 అక్టోబరులో హ్యూస్టన్ నగరంలో కచేరీ. తెల్లవాళ్ళకు ఒక పక్క, నల్లవాళ్ళకు ఒక పక్క సీట్లు వద్దని, అందరూ కలిసి కూర్చోవాలని గ్రాంజ్ పట్టుబట్టాడు. పోలీసులు డ్రెస్సింగు రూములోకి దూరి, జూదమాడుతున్నారని కేసు రాసి, ఎల్లానూ ఆమెతో ఉన్న వాద్యకారులనూ స్టేషనుకు తీసుకుపోయారు. పాటను చెవులారా వింటారు, పాడిన మనిషి పక్కన ఆమె మనుషులు కూర్చుంటే మాత్రం ఓర్వలేరు. ఈ మాట వినగానే నాకు మా ఊరి నాటకం పందిరి గుర్తొచ్చింది.

*

మనకూ స్టాండర్డ్స్ ఉన్నాయి. అవే నాటక పద్యాలు.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయం, కాళ్ళకూరి నారాయణరావు చింతామణి. నూరేళ్ళుగా ఇవే పద్యాలు. కృష్ణుడి పద్యాలు పీసపాటి నరసింహమూర్తి ఒక తీరుగా పాడితే, షణ్ముఖి ఆంజనేయరాజు ఇంకో తీరుగా పాడాడు. జనం అందరినీ విన్నారు, పోల్చుకున్నారు, అరుగుల మీద కొట్లాడుకున్నారు. అక్షరం రాని మా వాడ ముసలివాళ్ళు కూడా ఏ నటుడు పద్యాన్ని ఎక్కడ విరుస్తాడో, ఎక్కడ రాగం తీస్తాడో చెప్పేవాళ్ళు.

మన సీమ బిడ్డ, తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవకు ఈ రాగాల సాగదీత గిట్టేది కాదు. నాటకమంటే నటన అనేవాడాయన. ఆ మాటలో న్యాయముంది. కానీ జనం రాగాన్ని వదల్లేదు. రాత్రి పది గంటలకు మొదలై తెల్లారేదాకా సాగే నాటకంలో ఆ పద్యమే మనిషిని మేలుకొలిపి ఉంచేది. నచ్చితే 'వన్స్ మోర్' అని అరిచేవాళ్ళు. నటుడు మళ్ళీ పాడాల్సిందే.

పద్యం పాడే పద్ధతి కూడా తెలుసుకోవాలి. పద్యానికి తాళం ఉండదు. తబలా ఊరుకుంటుంది. హార్మోనియం శ్రుతి ఇచ్చి, గొంతు వెనకాలే నడుస్తుంది. నటుడు పాదం పాదం విడగొట్టి మాట అర్థమయ్యేట్టు చెప్తాడు. ఆఖర్న మాట అయిపోయాక రాగం ఎత్తుకుంటాడు. మాట చెప్పలేని దుఃఖం అక్కడ బయటికొస్తుంది. ఎల్లా మాటలు వదిలేసి పాడిన చోటు వినగానే నాకు ఇదే తోచింది.

పాత గ్రామఫోను ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. పద్యం రాగంతో సహా అందులో ఇరికించాలి. అందుకే పాత ప్లేట్లలో నటులు తరుముకొచ్చినట్టు పాడతారు. తర్వాత ఎల్పీ రికార్డులు వచ్చాయి, పక్కకు ఇరవై నిమిషాల పైగా. 1980ల్లో క్యాసెట్టు వచ్చింది, అరగంటకు ఒక పక్క. కాటిసీను మొత్తం ఊపిరి తీసుకుంటూ పాడే వీలు అప్పుడు దొరికింది. గ్రామఫోను పెట్టె మా వాడలో ఎప్పుడూ లేదు. టేపురికార్డరు వచ్చింది. బండల ఫ్యాక్టరీలో పనికి పోయిన మా చిన్నమామ బనగానపల్లె నుంచి తెచ్చాడు. దాంతోపాటు వచ్చిన మొదటి క్యాసెట్టు డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర.

ఆ గొంతు గురించి నాకు తోచింది చెప్తా. ఆయన మాటను మింగడు. ఎంత పైకి పోయినా 'ర' 'ర' లాగే, 'ళ' 'ళ' లాగే వినిపిస్తుంది. ఏడవడు కూడా. చాలామంది నటులు కాటిసీనులో గొంతు వణికించి తామే ఏడ్చేస్తారు. ఈయన నిలబడి చెప్తాడు. ఏడ్చే పని మనకు వదిలేస్తాడు. ఒక పాదానికీ ఇంకో పాదానికీ మధ్య ఆయన ఆగే ఆ కాస్త చోటులో మా నాయన గుడ్లల్లో నీళ్ళు తిరిగేవి.

*

ఇప్పుడు అసలు సంగతికొస్తా.

మా జేజినాయన ఊరికి ఎట్టి. ఎట్టి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఊర్లో ఎవరైనా చస్తే ఆ కబురు పక్క ఊర్ల చుట్టాలకు కాలినడకన మోయాలి. కట్టెలు మోయాలి. పూడ్చేవాళ్ళయితే గుంత తవ్వాలి. నల్లరేగడిలో గుంత తవ్వడమంటే ఎండాకాలం గడ్డపారకు నిప్పులు రాలతాయి, వానాకాలం తవ్విందంతా జారి మళ్ళీ గుంతలోకే వస్తుంది. దీనికి కూలి లేదు. సుగ్గిలో కల్లం దగ్గర పెట్టే జొన్నలు, పీనుగ మీద కప్పిన గుడ్డ. అంతే.

శ్రీరామనవమికి ఊర్లో నాటకం వేయిస్తే పెట్రోమాక్సు లైట్లు మోసుకొచ్చి కట్టేది మా జేజినాయనే. కట్టినాక పందిరి కింద కూర్చోకూడదు. మా వాళ్ళంతా వెనకాల చింతచెట్టు కింద, చీకట్లో. అక్కడి నుంచే హరిశ్చంద్ర నాటకమంతా విని నోటికి పట్టాడు. గుంత తవ్వేటప్పుడు కాటి పద్యాలు పాడుకునేవాడు. మాటలు మర్చిపోతే ఆగేవాడు కాదు, తన మాటలు పెట్టుకునేవాడు. మా అవ్వ నవ్వేది: "హరిచ్చెంద్రుడు అలివిగాని రాజు గానీ, ఈన అసలు కాటికాపరి."

ఆ నాటకం ఏం చెప్తుంది? కథ మొదలయ్యేది ఎక్కడో గుర్తు చేసుకోండి. విశ్వామిత్రుడు పంపిన మాతంగ కన్యలు వచ్చి రాజును పెళ్ళాడమంటారు. రాజు కులం చూసి కాదంటాడు. వాళ్ళను చేసుకోవడం కంటే రాజ్యం వదులుకోవడమే మేలనుకుంటాడు. మాతంగులంటే ఎవరో నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. సత్యం కోసం రాజ్యం వదిలాడని నూరేళ్ళుగా చెప్పుకుంటున్నాం. మాదిగ పిల్లను చేసుకోలేక వదిలాడని కూడా ఆ కథలోనే ఉంది.

తర్వాత రాజు ఎంత కిందికి పడిపోయాడో చూపించాలి. ఆలిని అమ్ముకున్నాడు, బిడ్డను అమ్ముకున్నాడు. ఇంకా అడుగు ఏది? చండాలుడైన వీరబాహుకు బానిస కావడం. కాటికాపరి కావడం. ప్రేక్షకుడు అక్కడ 'అయ్యో' అంటాడు. రాజు కొన్నాళ్ళు కాటిలో పనిచేస్తే లోకం నూరేళ్ళుగా ఏడుస్తోంది. మా జేజినాయన యాభై ఏళ్ళు చేశాడు. ఆయన కోసం ఎవరూ పద్యం కట్టలేదు.

మా పిల్ల అడిగింది ఇదే. ఆ కోపం నాకు అర్థమవుతుంది. పాతికేళ్ళ వయసులో నేనూ ఆ క్యాసెట్టును పొయ్యిలో వేయబోయాను. మా నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆయన ఆపినందుకు తర్వాత ఒక సంగతి తెలిసింది. కర్నూలులో చదువుకునే రోజుల్లో ఒక అయ్యవారు జాషువా ఖండకావ్యం చేతికిచ్చాడు. పేజీలు తిప్పుతుంటే శ్మశానవాటి మీద పద్యాలు కనిపించాయి. రెండు పాదాలు చదివేసరికి ఒళ్ళు జలదరించింది. ఇవి మా జేజినాయన పద్యాలు! మా క్యాసెట్టు పద్యాలు!

మిత్రులారా, కాటిసీనులో తెలుగువాళ్ళంతా గుండె కరిగి వినే ఆ పద్యాలు బలిజేపల్లి నాటకంలోనివి కావు. జాషువావి. నటులు వాటిని తెచ్చి కాటిసీనులో కలుపుకున్నారు. జనం వాటిని వదల్లేదు.

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. గొంతుతో బతికిన మనిషి కూడా. కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడుతుంటే పక్కన నిలబడి కథ చదివే పని చేశాడు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో పనిచేశాడు. 1941లో గబ్బిలం రాశాడు. పాండవోద్యోగ విజయాలు రాసిన జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 1971లో కన్నుమూశాడు.

ఇప్పుడు చూడండి. మాతంగ కన్యను కాదని రాజ్యం వదిలిన రాజు, కాటికొచ్చి నిలబడితే, చావు ముందు అందరూ సమానమని చెప్పడానికి నోట్లో మాట లేదు. ఆ మాట మాదిగ తల్లి బిడ్డ దగ్గర అప్పు తెచ్చుకున్నాడు. రాజు నోట పలికేది మనవాడి మాట. నాటకం కట్టిన కులం మెట్లన్నీ ఆ పది నిమిషాలు కూలిపోతాయి.

అందుకే వింటున్నా తల్లీ. ఎల్లా వేరేవాళ్ళ పాటను తన గొంతుతో తనది చేసుకుంది. ఇక్కడ ఎదురుగా జరిగింది. మన మాటను వేరేవాళ్ళ గొంతు మోసింది. మోస్తూ మోస్తూ మాట ఎవరిదో చెప్పడం మర్చిపోయింది.

*

ఆ పద్యాల్లో ఒకటుంది. అంటరానితనం కాలు పెట్టలేని చోటు ఇదొక్కటే అని, పులినీ మేకనూ ఒకే ఒడిలో నిద్రపుచ్చే సమభావం ఇక్కడే ఉందని దాని సారం. కొందరు నటులు పాడతారు, కొందరు దాటేస్తారు.

మా జేజినాయన చెప్పిన సంగతి. ఒక ఏడు కోస్తా నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన నటుడు మా ఊర్లో ఆ పద్యం ఎత్తుకున్నాడు. కాంట్రాక్టు నాటకమంటే తెలుసుగా, ఒక్క నాటకానికే ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు, కాటిసీనుకు ప్రత్యేకంగా పెద్ద గొంతున్నవాడు. పద్యం అయ్యీ కాకముందే వెనకాల చింతచెట్టు కింది నుంచి 'వన్స్ మోర్' అని లేచింది. చీకట్లో నుంచి. అంతకు ముందెప్పుడూ మా వాళ్ళు నోరు తెరిచి అడిగింది లేదు. నటుడు చీకటి వైపు చూశాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన చెయ్యి ఊపాడు, కానీ కానీ అని. నటుడు ఒక క్షణం ఆగి, మళ్ళీ అదే పద్యం మొదటి నుంచి పాడాడట.

ఆ నటుడి పేరు మా జేజినాయనకు తెలియదు. పద్యం రాసినాయన పేరూ తెలియదు. మన మనిషే రాశాడని తెలియకుండానే, మన పద్యమని గుర్తుపట్టి అడిగారు వాళ్ళు. నేను పుస్తకం చదివి చెప్పేనాటికి ఆయన మంచంలో ఉన్నాడు. విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అందుకేరా, గుంతలో పాడితే చేతులు నొయ్యకపొయ్యేది" అన్నాడు.

కానీ జాషువా చెప్పిన ఆ సమానమైన కాడు మా ఊర్లో లేదు. ఊరి శ్మశానం వేరు, మా వాళ్ళది వేరు. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణ 1950 నుంచి అమల్లో ఉంది. మా జేజినాయన పోయింది ఆ తర్వాత నలభై ఏళ్ళు దాటాక. ఊరందరికీ గుంతలు తవ్విన మనిషిని మోసుకుపోవడానికి దారి లేదు. మా కాటికి పోవాలంటే ఒకరి పొలం దాటాలి. శనగ మొలక మీదుంది, తొక్కనివ్వమన్నారు. పాడె దించి రెండు గంటలు గట్టు మీద కూర్చున్నాం. మా నాయన టేపురికార్డరు పాడె పక్కన పెట్టి కాటిసీను వేశాడు. అంటరానితనానికి చోటు లేదనే పద్యం, దారి లేని పీనుగ పక్కన మోగింది. ఆఖరికి కుందూ వంక వెంబడి మోకాలి లోతు బురదలో మోసుకుపోయాం.

అందుకే నాకు ఆ పద్యం వర్ణన లాగా వినపడదు. మాకు రావాల్సిన బాకీ లాగా వినపడుతుంది.

*

2022 జనవరిలో మన ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. అందులో సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు అడిగితే చేసింది. వాళ్ళ బాధ వాళ్ళది, నేను తప్పుపట్టను. కానీ వీరబాహు పాత్రను కల్లుముంత ఇచ్చి, మసి పూసి, తూలుతూ నడిపించి నవ్వించిన స్టేజీలు నేను చాలా చూశాను. మా బాధ గురించి ఎవరూ జీవో తీయలేదు.

అయినా హరిశ్చంద్రను నిషేధించమని నేను అడగను. నిషేధిస్తే జాషువా పద్యం కూడా పోతుంది. నేను అడిగేవి చిన్నవి.

ఒకటి. ఎక్కడ హరిశ్చంద్ర వేసినా, కాటిసీనుకు ముందు మైకులో చెప్పండి, ఈ పద్యాలు గుర్రం జాషువావి అని. నటుల పేర్లు చెప్తారు, చందాదారుల పేర్లు చెప్తారు. ఈ ఒక్క పేరు చెప్పడానికి అర నిమిషం చాలు.

రెండు. అంటరానితనం మీది పద్యాన్ని దాటేయకండి.

మూడు. మన వాడల్లో పద్యం పాడే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. చేతిలో ఫోన్లున్నాయి. రికార్డు చేయండి. మా జేజినాయన గొంతు ఒక్క నిమిషం కూడా నా దగ్గర లేదు. ఆ క్యాసెట్టు ఖాళీ పక్కన పాడించొచ్చని మాకెవరికీ తట్టలేదు.

సంక్రాంతి అయ్యాక మా పిల్ల హైదరాబాదు పోతూ ఆ కాటిసీను తన ఫోన్లో వేసుకుంది. దానికి పేరు పెట్టేచోట 'హరిశ్చంద్ర' అని ఉంటే చెరిపి 'జాషువా, డి.వి. సుబ్బారావు గొంతులో' అని టైపు చేసింది. ఎల్లా పాటలు నా ఫోన్లో వేసిపోయింది. ఇప్పటికీ మాటలు తెలియవు. రాత్రిపూట వింటున్నా.

వచ్చే భాగంలో మా వాడ డప్పు గురించి, చావుకు కొట్టం అని మొదటిసారి చెప్పిన రోజు గురించి రాస్తా.

జై భీమ్.